బండి ఊగుడుకు బాధ్యులెవరు

సుబేదారి, హనుమకొండ
ఆదివారం

పూజ్యుడైన అన్నకు,

తమ్ముడు శ్రీకాంత్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బతికే ఉన్నాను. అక్కడ తొర్రూరులో వదిన, అవ్వ, సూడి మీద ఉన్న బర్రె, అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నీ సంగతి అడగనక్కర్లేదు. నీ గొంతు బ్రహ్మాండంగా ఉందని మొన్న ఫోన్‌లో నాతోపాటు మా మెస్ మొత్తానికీ తెలిసింది.

ముందుగా క్షమాపణ. ఇకపై రాయబోయే ప్రతి అక్షరానికీ, నీ బండికీ, నా చదువుకూ, నీ తర్వాత పుట్టి నీ పాత చొక్కాలు తొడుక్కుని పెరిగినందుకూ, పోయిన వారం హనుమకొండలో కాలం గాని కాలంలో పడిన వానకూ నీ పాదాల ముందు సాష్టాంగపడి టోకుగా క్షమాపణ కోరుతున్నాను. వీటిలో ఒక్కటీ నా తప్పు కాదు. అయినా తమ్ముడి చేత క్షమాపణ చెప్పించుకోనిదే నీకు అన్నం అరగదు కాబట్టి కోరుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావా? నేను "అన్నా" అనేలోపే "బండినేం జేసినవ్‌రా?" అంటావు. "అది కాదన్నా" అనేలోపే పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు. చింపాలనుకుంటే చింపు, కానీ చివరిదాకా చదివి చింపు.

నా క్షేమం నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి టైల్స్ షాపులో బిల్లులు కొడుతున్నాను. వచ్చినవాళ్లు బాత్రూమ్ గోడకు నెమలి బాగుంటుందా, హంస బాగుంటుందా అని నన్ను అడుగుతారు. నాలుగేళ్లు బీటెక్ చదివింది ఆ జవాబు కోసమే అన్నట్టు నేను గంభీరంగా ఆలోచించి హంస అంటాను. మెస్‌లో పప్పు ఎంత స్వచ్ఛంగా ఉంటుందంటే అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. చలి మొదలైంది. రూమ్‌లో తోడుగా ఉండే తిరుపతికి పెళ్లి కుదిరింది. ఫోన్‌లో ఆ పిల్లతో మాట్లాడుతుంటాడు, నేను గోడతో మాట్లాడుతుంటాను. అవ్వ పంపిన తొక్కు అయిపోయింది. అయినా బాగానే తింటున్నాను. అవ్వను ఫికర్ చేయొద్దని చెప్పు. నిజంగానే బాగా తింటున్నాను.

ఇక బండి. నువ్వు ఏడేళ్లు నడిపి, దాని వెనక పాలక్యాన్లూ పత్తి బస్తాలూ మోయించి, దాని ప్రాణం సగం తీసి, "తమ్ముడికి ఇచ్చిన" అని ఊరంతా చాటుకున్న ఆ మహాదానం గురించి. దసరాకు ముందు మన మెకానిక్ సదన్న దానికి హ్యాండిల్ దగ్గర బేరింగుల కోన్‌సెట్ మార్చాడు. పండగ రోజు కడిగి, పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి ఇక్కడికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు అది ఊగడం మొదలుపెట్టింది. నిదానంగా పోతే ఒక పక్కకు లాగుతుంది. కొంచెం వేగం పెంచితే నడుము నొప్పి ఉన్న ముసలాయన డ్యాన్స్ చేసినట్టు వెనకభాగం అటూ ఇటూ కొట్టుకుంటుంది.

మా సేటుకు చెప్పాను, సెలవు దొరుకుతుందేమోనని. ఆయన కళ్లజోడు మీదుగా చూసి, "బండి ఊగుతాందా, నువ్వూగుతానవా? రాత్రి ఏం తాగినవ్?" అన్నాడు. సెలవు ఇవ్వకపోగా టైల్స్ శాంపిల్స్ చేతికిచ్చి ఖిలా వరంగల్‌కు తోలాడు. అక్కడ మూల మలుపులో నేను అటు తిప్పితే బండి ఇటు పోయి, సీతాఫలాల గంప ముందు జానెడు దూరంలో ఆగింది. గంప వెనక కూర్చున్న పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఓ పిలగా! కండ్లు యాడ వెట్టి నడుపుతానవ్? నా పండ్లు నీకేం పాపం జేసినయ్?"

"బండి ఊగుతాంది పెద్దమ్మా."

"ఊగే బండి మీదికెల్లి దిగి నడువు. కాళ్లు లేవా?"

ఆ బండి గురించి ఇంతవరకు నాకు దొరికిన సలహాల్లో అదొక్కటే పనికొచ్చేది. దిగి, షాపుదాకా తోసుకుంటూ నడిచాను. అన్నా, గంప జానెడు అవతల ఉంది కాబట్టి ఇది హాస్యంగా రాస్తున్నాను. లేకపోతే ఈ ఉత్తరం దవాఖాన నుంచి వచ్చేది.

ఆ కోపంలోనే నీకు ఫోన్ చేసి, "సదన్న కోన్‌సెట్ మార్చినంకనే ఊగుడు షురువైంది" అన్నాను. ఆ మాటలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నువ్వేం చేశావు? ఫోన్ జేబులో పెట్టుకుని నేరుగా సదన్న షెడ్డు మీదికి పోయావు. ఎవరి మీదికి? చిన్నప్పటి నుంచి నీతో ఒకే కంచంలో తిన్నవాడి మీదికి. అతను కొత్తిల్లు కట్టుకుంటే దర్వాజ నిలబెట్టిన రోజు ఒక పక్క నువ్వే పట్టుకున్నావు. వచ్చే శుక్రవారం ఆ ఇంటి గృహప్రవేశం. ఇప్పుడు "ఆ దర్వాజ దాటితే నా పేరు మార్చుకుంట" అన్నావట. వదిన ఫోన్ చేసి చెప్పింది.

"శ్రీకాంతూ, నీ బండి లొల్లి ఈడ మస్తు పెద్దగైంది. రెండు దినాలాయె, మీ అన్న బువ్వ సక్కగ తింటలేడు. సదన్న పెండ్లాం పిలుపుకొచ్చి బొట్టు వెట్టి ఏడ్సుకుంట వోయింది."

నువ్వు సరిగా తినడం లేదంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. అందుకే ఈరోజు సెలవు కాబట్టి పొద్దున్నే బండి ముందు కూర్చున్నాను. నాలుగేళ్ల ఫీజు కట్టావు కదా, కనీసం ఒక పూటైనా ఇంజినీరును చూడు.

టైర్లలో గాలి సరిగానే ఉంది. సెంటర్ స్టాండ్ వేసి, తిరుపతిని వెనక బరువుగా కూర్చోబెట్టాను. వాడు అక్కడ కూడా ఫోన్ వదల్లేదు. ముందు చక్రం గాల్లోకి లేచింది. ఫోర్క్ కింద రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజాను. రవ్వంత కూడా కదల్లేదు. హ్యాండిల్ మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాను. ఎక్కడా పట్టేయలేదు. వెన్నలో వేలు తిప్పినట్టుంది. అంటే సదన్న చేసిన పనిలో దోషం లేదు. నువ్వు తిట్టింది దోషం లేని మనిషిని. ఇది ఇంజినీరుగా ఇస్తున్న తీర్పు. అప్పీలు లేదు.

వెనక చక్రాన్ని పక్కకు ఊపి చూశాను. చక్రాన్ని పట్టి ఉంచే బుష్‌లు గట్టిగానే ఉన్నాయి. నీ పత్తి బస్తాల పాపమేనని నిరూపించాలని ఎంతో ఆశపడ్డాను, కుదరలేదు. చివరికి టైల్స్ వేసేవాళ్లు వరస తప్పకుండా కట్టే దారం తెచ్చి, వెనక టైరుకు చుట్టి, రెండు పక్కలా ముందు టైరుదాకా లాగి పట్టాను. కుడి పక్క దారం ముందు టైరును ఒత్తుకుంది. ఎడమ పక్క దారానికీ టైరుకూ మధ్య రెండు వేళ్లు దూరాయి. అంటే ముందు చక్రం ఒక దిక్కు చూస్తుంటే వెనక చక్రం ఇంకో దిక్కు చూస్తోంది. వెనక ఇరుసు వంకరగా బిగిసి ఉంది. ఊగక ఏం చేస్తుంది? సరిచేశాను. మొహం కడుక్కోకుండానే కాజీపేట దాకా పోయి వచ్చాను. ఇప్పుడు బండి పెళ్లిచూపులకు వచ్చిన పిల్లలా తల వంచుకుని నడుస్తోంది.

కాబట్టి అన్నా, పంతం మాని సదన్న ఇంటికి పో. పోయి ఏమనాలో నేను చెప్పను. తిట్టడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది కదా, ఇది కూడా వస్తుంది. గురువారం సాయంత్రం ఆ బండి మీదే నేనూ వస్తాను. అవ్వను తొక్కు కలిపి ఉంచమను. వదినకు దండాలు, బర్రెకు నా పరామర్శ. బాగానే తింటున్నానని అవ్వకు ఇంకోసారి చెప్పు. నీ దీవెనలు కావాలి. ఇంతదాకా చింపకుండా చదివి ఉంటే అవి అందినట్టే.

ఇట్లు
నీ చేతి దెబ్బలతో పెరిగిన తమ్ముడు
శ్రీకాంత్

తాజా కలం: సంతకం పెట్టాక లేచి పోదామనుకున్నాను. లేవలేకపోయాను.

వదిన ఇంకో ముక్క కూడా చెప్పింది. నువ్వు షెడ్డు ముందు అరుస్తుంటే సదన్న ఒక్కటే అడిగాడట: "వెనక చక్రం ఎవలన్న ముట్టిన్రేమో, తమ్మిని అడుగరాదు?" దానికి నువ్వు నలుగురి ముందు, "మా తమ్ముడు ఇంజినీరురా! వాడు ముడితే ముట్టిన అని చెప్తడు. వాడు అబద్ధమాడడు" అన్నావట. ఇన్నేళ్లలో నా మొహం మీద ఒక్క మంచి మాట అనని మనిషివి, అనక అనక అక్కడన్నావు.

చెయిన్ లూజైతే ఒక సాయంత్రం నేనే బిగించాను అన్నా. చెయిన్ ఎడమ పక్క ఉంటుంది కాబట్టి ఎడమ నట్టే తిప్పాను. వెనక ఇరుసు వంకరపోకుండా దానికి రెండు పక్కలా ఉండే గీతలు సమానంగా చూసుకుని బిగించాలని నాకు తెలుసు. కుడి పక్క గీతల మీద దసరా నాడు అవ్వ పెట్టిన పసుపు కుంకాలు గడ్డకట్టి ఉన్నాయి. పూజ బొట్టు దానంతటది రాలేదాకా తుడవొద్దని అవ్వ చెప్పింది కదా, అందుకే ఆ పక్క ముట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఈరోజు తుడిచాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయింది.