పది నిమిషాలు తడబడిన మాట

అన్నా,

ఇవాళ ఆసుపత్రిలో మా డాక్టరుగారి పరిశోధన వ్యాసం టైపు చేశాను. మాట తడబడి, చెయ్యి పట్టుదప్పి, పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా వదిలెయ్యకూడదట. వెనకాలే పక్షవాతం రావచ్చట.

ఆ శనివారం ఫలక్‌నుమాలో హనుమాన్ గుడి ముందు దండ కడుతుంటే నీ చేతిలోంచి దారం జారింది. మాట ముద్దగా వచ్చింది.

"కల్లు తాగి దేవుని దండ కడ్తున్నవా? సిగ్గు లేదా?" అని అరిచి, నలుగురిలో నీ నోరు వాసన చూశాను.

కాసేపటికి తేరుకుని, "తాగలే తమ్మీ, నీ మీదొట్టు" అన్నావు. తలొంచుకుని దండ పూర్తిచేశావు. వారం తిరక్కుండానే పక్షవాతంతో పోయావు.

గుడి దగ్గర ఇప్పటికీ "తాగి తాగి పోయిండు పాపం" అంటారు. నేను వింటూ నిలబడతాను.

ఆ రోజు నీ నోట తమలపాకు వాసనే వచ్చిందన్నా.