వాగు నీటి దావా

తిరువూరు, 1954 డిసెంబరు

వకీలు పురుషోత్తంగారి సముఖానికి,

మీరు రాయమన్న మీ తాతగారి జీవితచరిత్ర ఒకచోట ఆగిపోయిందండి. వకీలుగా ఉన్నప్పుడు వినగడప రైతుల వాగు నీటి దావా ఆయనే తన చేత్తో రాసి దాఖలు చేశారు. తరవాత శాసనమండలి సభ్యులై, ఆ నీళ్ల కోసం మద్రాసులో బల్లగుద్ది ఉపన్యసించారు. చివరికి జడ్జీ అయ్యాక దావా ఆయన ముందుకే వస్తే, రాసిన వకీలుకు బొత్తిగా చట్టం తెలియదని చీవాట్లు పెట్టి కొట్టేశారు. దీన్ని ‘నిష్పక్షపాతం’ అనే అధ్యాయంలో వేయమంటారా?

ఆ రైతుల మనవలు ఇప్పుడు అదే నీళ్ల కోసం మీ దగ్గరికే రావాలనుకుంటున్నారు. మీరు ఎన్నికల్లో నిలబడుతున్నారని విని, ముందు నన్నొక మాట కనుక్కోమన్నారు:

“అయ్యగారు జడ్జీ మాత్రం అవరు గదండీ?”

ఇట్లు,
మీ తాతగారి చరిత్రకారుడు