బాపూ, ట్రాక్టర్ ఎక్కించే ముందు ఇది సదువు

బాపూ,

అన్నం కుక్కర్ల ఉంది, పప్పు వేడి చేసుకో.

నువ్వు రిపేర్ చేసిన ట్రాక్టర్ను ఈ పొద్దు ట్రైలర్ మీద చేవెళ్లకు తీస్కపోతున్నవంట గదా. దాని బరువు ట్రైలర్ చక్రాలకు కొంచెం ముందట పడేటట్టు నిలబెట్టు. బరువంతా ఎనకకు పడితే రోడ్డు మీద ట్రైలర్ ఊగుతది. గేర్ల పెట్టి హ్యాండ్ బ్రేక్ గుంజు. నాలుగు మూలలకు గొలుసులే కట్టు, తాళ్లు వద్దు. పురానాపూల్ దాటినంక ఒకసారి ఆపి గొలుసులు సూడు.

ట్రైలర్ గుంజే బండి నడిపే వాహెద్ భాయ్ మొన్న కలిసిండు. "పోయినసారి మీ బాపు బ్రేక్ తొక్కి పట్టుకుంటనని మెహదీపట్నం దాకా ట్రాక్టర్ మీదనే కూసున్నడు బిడ్డా, పెండ్లికొడుకు లెక్క" అని నవ్విండు. నాకు నవ్వు రాలే. గొలుసు తెగితే నీ కాలు ఆపుతదా?

నువ్వు లేచేసరికి నేను డ్యూటీకి పోత, నేనొచ్చేసరికి నువ్వు పండుకుంటవు. అమ్మ పోయినంక ఉన్నదే ఇద్దరం. మనం మాట్లాడుకోక తొమ్మిది రోజులాయె. నీ సంగతి నాకు బయటోళ్లు చెప్పాల్నా?

నన్ను డిగ్రీ దాకా సదివిచ్చినవు, ఈ ఒక్క మాట విను. వాహెద్ భాయ్ పక్కన కూసొని పో.

రూప

బయలెల్లేటప్పుడు ఫోటో తీసి పంపు. ట్రాక్టర్ సీటు ఖాళీగ కనబడాలె.