సన్యాసమ్మ జాగాలో మా డేరా

అప్పకు, బావగారికి నీ చెల్లెలు రమణ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో నలత లేకుండా ఉన్నాం. అక్కడ మీరంతా ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గు మానిందా? పిల్లలు రోజూ బడికి వెళ్తున్నారా, లేక చేపలకని చెరువు చుట్టూ తిరుగుతున్నారా? ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని నీకు కోపంగానే ఉంటుంది. రాస్తే నువ్వు జవాబు ఎక్కడికి రాస్తావు? మాకంటూ ఒక చిరునామా ఉండాలి కదా. ఇప్పుడు ఉంది. అందుకే జరిగిందంతా మొదటినుంచీ చెప్తున్నాను. కంగారు పడకుండా చదువు. మేం బాగానే ఉన్నాం.

విశాఖపట్నంలో దిగాకే తెలిసింది, కాంట్రాక్టరు ఇస్తానన్న షెడ్డు మగవాళ్ళకేనని. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట రేకుల షెడ్లు వేసి, మగవాళ్ళను వరసగా చాపల మీద పడుకోబెడుతున్నారు. ఆడవాళ్ళకు చోటు లేదు. గాజువాకలో గదులు చూశాం. ఫ్యాక్టరీ వస్తోందని అక్కడ పశువుల పాకకు కూడా అద్దె చెప్తున్నారు. అది మా తాహతుకు మించిన మాట.

"కొన్నాల్లు అప్ప దగ్గిరికెల్లి ఉండు. నాను షెడ్డులో సద్దుకుంతాను" అన్నాడు మీ మరిది.

నేను ఒప్పుకోలేదు. కిందటేడు ఒక్కడూ వచ్చి ఉండి, హోటలు కూడు తిని, పచ్చకామెర్లతో ఎలా తిరిగొచ్చాడో నువ్వు చూశావు. పథ్యం వండి పెట్టిందీ నువ్వే. మనిషిని మళ్ళీ అలా చూడలేను.

"టార్పాలిన్ ఉంది కదా, డేరా ఏసుకుందాం. నువ్వు పనికెల్లు. జాగా నాను సూత్తాను" అన్నాను.

అన్నానే గాని, ఎవరిదీ కాని జాగా అంటూ ఈ ఊళ్ళో లేదు అప్పా. మొదట సముద్రం ఒడ్డున సరుగుడు తోట పక్కన వేశాం. చల్లటి గాలి, కింద మెత్తటి ఇసుక. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. అన్నం ఉడుకుతుండగా తోట కాపలా మనిషి వచ్చాడు. చెడ్డవాడు కాడు. "ఇది గవర్మెంటు తోటమ్మా. మిమ్మల్ని ఉండనిత్తే నా ఉజ్జోగం పోద్ది. అన్నం తినేసే ఎల్లండి" అన్నాడు. తిన్నామనిపించి లేచాం. తాళ్ళు విప్పుతున్నంతసేపూ మీ మరిది తలెత్తి నావైపు చూడలేదు. దొంగతనం చేసి దొరికిపోయిన వాడిలా ఉన్నాడు. ఇక అడగకుండా ఎక్కడా మేకు దిగ్గొట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

అక్కణ్ణించి సింహాచలం వెళ్ళాం. కొండ కింద సత్రంలో యాత్రికులకు ఉచితంగా చోటిస్తారు. అప్పన్న దర్శనం కూడా అయింది, మీ అందరి పేరా మొక్కుకున్నాను. కాని సత్రంలో కొన్ని రోజులకు మించి ఉండనివ్వరు. అక్కణ్ణించి మీ మరిది తెల్లారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి పనికి వెళ్ళేవాడు. నేను పగలంతా జాగా కోసం తిరిగేదాన్ని.

తోటలో డేరా విప్పే తొందరలో టార్పాలిన్ అంచు చిరిగింది. కుట్టించడానికి విశాఖపట్నం పాత ఊళ్ళో హుస్సేన్ సాయిబు గారి కొట్టుకు వెళ్ళాను. పడవల తెరచాపలు, లారీ పట్టాలు కుట్టే ముసలాయన. గట్టి దారంతో చిరుగు కుడుతూ, "ఏడ ఏత్తన్నావమ్మా డేరా?" అని అడిగాడు. ఎక్కడా లేదని చెప్పాను. "ఫేక్టరీకి ఊర్లు ఇచ్చేసినోల్ల కోలనీ ఉంది కదా. ఇల్లు కట్టుకోమని జాగాలు ఇచ్చినారు, సానామంది ఇంకా కట్టలేదు. ఎల్లి అడుగు. వోల్ల పట్టా జాగాలో వోల్లు ఉండమంటే ఇంకెవులూ లెగ్గొట్టరు" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుంది.

మర్నాడే కాలనీకి వెళ్ళాను. ఎర్రమట్టి నేల, గీతలు గీసినట్టు రోడ్లు, అక్కడొక ఇల్లు ఇక్కడొక ఇల్లు. ఒక చిన్న పెంకుటింటి పక్కన ఖాళీ జాగా, దాని చుట్టూ ముళ్ళకంప. ఇంటి ముందు ఒక ముసలావిడ ఎండుచేపలు ఆరబెడుతోంది. పేరు సన్యాసమ్మ. ఆ జాగా ఆవిడ కొడుకు పేరున ఉంది. కొడుకు రేవులో పని దొరికి అక్కడే కాపురం పెట్టాడు, ఈవిడ ఒక్కతే ఉంటోంది. డేరా వేసుకుంటామని అడిగాను.

"నీ మొగుడేటి పని సేత్తాడు?"

"ఫేట్రీ కాడ కలాసీ, అత్తా."

ఆవిడ చేతిలోని చేప అలాగే ఉండిపోయింది. "మా ఊరు, మా బూములు అన్నీ దాని కిందకే ఎల్లిపోనాయి. ఈ కుసింత జాగా కూడా దానికేనేటి? ఎల్లమ్మా, ఎల్లు" అంది.

కోపం రాలేదు అప్పా. ఆ గొంతులో తిట్టు లేదు, అలసట ఉంది. ఇంకో నాలుగు గుమ్మాలు ఎక్కాను. ఒకరు కొడుకుని అడగాలన్నారు, ఒకరు అద్దె చెప్పారు. మర్నాడు మళ్ళీ సన్యాసమ్మ దగ్గరికే వెళ్ళాను. బోరింగు దగ్గర బిందె ఎత్తలేక నిలబడి ఉంటే, ఎత్తి ఇంటిదాకా తెచ్చి దించాను. జాగా ఊసు ఎత్తలేదు. వెళ్తుంటే ఆవిడే పిలిచింది.

"నీ మొగుడు ఫేట్రీ లోపలికెల్తాడా?"

"రోజూ ఎల్తాడు."

"మా ఊరు ఎలగున్నాదో సూసినాడేటి?"

నాకేం తెలుస్తుంది? సాయంత్రం మీ మరిదిని తీసుకొచ్చాను. ఆవిడ ఊరి పేరు చెప్పి, కొండ ఏ వైపు ఉంటుందో, తాటిచెట్లు ఏ వైపు ఉండేవో చెప్పింది. ఉన్నాయని అబద్ధమాడితే జాగా దొరికేదేమో. మీ మరిది అలాంటి మనిషి కాదు. "నాకు తెల్దు అత్తా. ఇప్పుడక్కడంతా ఎర్రమట్టే. ఏది ఏ ఊరో ఎవులికీ తెల్దు" అన్నాడు.

ఆవిడ మీ మరిదికి పీట వేసింది. తర్వాత, "మా ఆయన్ని మట్టి సేసిన సోటు ఆడనే ఉన్నాది. ఒక్కపాలి సూపించగలవేటి?" అని అడిగింది. అడుగుతానన్నాడు. "అయితే ఆదివారం దాకా డేరా ఏసుకోండి" అంది. సత్రంలో మా గడువు ఆ రోజుతో అయిపోతోంది. బతుకు జీవుడా అనుకున్నాం.

మీ మరిది మేస్త్రీకి చెప్పాడు, మేస్త్రీ ఇంజనీరుకు చెప్పాడు. ఆ ఇంజనీరు దయగల మనిషి, ఆదివారం పొద్దున్న తీసుకెళ్ళమన్నాడట. ముగ్గురం వెళ్ళాం. ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది, ఒక చెంబు, కొబ్బరికాయ, అగరొత్తులు పట్టుకుంది. గేటు దగ్గర జవాను ఆపాడు. "పనోల్లకే పాసు. ముసలమ్మకి లోపల ఏటి పని?" అన్నాడు.

"నానీడ కాపరం సేసినాను బాబూ" అంది ఆవిడ.

జవాను ఆవిడ ముఖం చూసి, లోపల ఎవరినో అడిగొచ్చి, గేటు తీశాడు.

లోపల ఏముంది అప్పా, కనుచూపు మేర చదును చేసిన నేల. దూరంగా క్రేన్లు, ఇనుప కడ్డీలు మొలిచిన పునాదులు. ఆవిడ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఈ పక్క బావి అనేది, కాదు, ఆ పక్క అనేది. చివరికి వెనక్కి తిరిగి కొండను చూసింది. కొండనైతే ఎవరూ కదపలేదు కదా. దాన్ని బట్టి కొంత ముందుకి, కొంత పక్కకి జరిగి ఒకచోట నిలబడింది. "ఈడే అనుకుంతన్నాను" అంది. ఖాయంగా చెప్పలేకపోయింది. కాయ కొట్టి, నీళ్ళు వదిలి, మట్టిలో అగరొత్తులు గుచ్చింది. గాలికి అవి ఆరిపోతుంటే మీ మరిది వంగి రెండు చేతులూ అడ్డు పెట్టాడు.

తిరిగి వస్తుంటే దారిలో నన్ను అడిగింది. "రోడ్డవతల సానామంది అడక్కుండా పాకలేసేసుకున్నారు. నువ్వెందుకే ఇన్ని గుమ్మాలెక్కి అడుగుతన్నావు?"

"అడక్కుండా ఏత్తే లేపేత్తారని అత్తా."

"అడిగినా లేపేత్తారే. మా సొంతూర్నించే మమ్మల్ని కాయితం అంపి లేపీలేదేటి?" అంది ఆవిడ. ఇల్లు చేరాక, "ఆ మూల పల్లం, వానొస్తే నీరు నిలిసిపోద్ది. డేరా ఈ గోడ వారగా మార్సుకోండి" అని లోపలికి వెళ్ళింది. ఆదివారం గడువు ఊసు మళ్ళీ రాలేదు.

అలా ఇక్కడ కుదురుకున్నాం. అద్దె అడగదు. నీళ్ళు నేను తెస్తాను, ఆవిడ చేపల పులుసు పెడుతుంది. పులుసులో మన ఇంట్లోలా బెల్లం వేయదు, పులుపు పళ్ళకు తగులుతుంది, అయినా మీ మరిది గిన్నె నాకేస్తాడు. ఉప్పుగాలికి బట్టలు సరిగా ఆరవు, ఒళ్ళంతా జిడ్డు, ఎర్రదుమ్ము అన్నంలో కూడా పడుతుంది. పగలు ఆవిడ ఎండుచేపలు అమ్ముకోవడానికి వెళ్తే ఒంటరిగా అనిపిస్తుంది. అప్పుడు నువ్వే గుర్తొస్తావు. అంతేగాని భయమేమీ లేదు. మొన్న కాలనీ ఆఫీసు మనిషి వచ్చి డేరా ఎవరిదని అడిగితే, "మా పిల్లలది. మా జాగా, మా ఇట్టం" అంది సన్యాసమ్మ. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

మనూరి నుంచి ఎవరైనా సింహాచలం వస్తుంటే కొంచెం చోడిపిండి, అమ్మ కుట్టిన పాత బొంత పంపు. ఇక్కడి అంబలి మన అంబలిలా లేదు. నువ్వు కూడా పంటకోతలయ్యాక ఒకసారి రా. డేరాలో ముగ్గురికి చోటుంది, లేకపోతే నువ్వూ నేనూ అత్త ఇంట్లో పడుకుంటాం.

ఒక మాట చెప్పి ముగిస్తాను. ఎన్నాళ్ళుంటామో తేల్చుకోవడం మంచిదని నిన్న నేనే అడిగాను. కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే మేం ఎప్పుడు ఖాళీ చేయాలని. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది, చేయి ఆపలేదు.

"ఆడు కట్టినపుడు సూద్దాం. నిన్ను లెగమనాల్సొత్తే నానే వొచ్చి నీ పక్కన కూకుని సెప్తాను. కాయితం అంపను" అంది.

అమ్మ కాళ్ళకు, బావగారికి మా ఇద్దరి దండాలు చెప్పు. పిల్లలకు నా ముద్దులు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవిస్తూ వెంటనే జవాబు రాయి. ఈ కవరు మీద ఉన్న కాలనీ పేరు, దాని పైన సన్యాసమ్మ గారి ఇంటి పక్క అని రాస్తే చాలు, చేరుతుంది.

నీ చెల్లెలు,
రమణ