వల దారం కొరికిన పళ్ళు

బావా,

నువ్వు జైల్లోనే పోయినా అక్క నీ అప్పీలు వదల్లేదు. జెట్టీ దగ్గర హత్యైనవాడి భుజం మీది పంటిగాటు నీదేనన్న నిపుణుణ్ణి ఇవాళ కోర్టుకు మళ్ళీ పిలిచారు.

మన లాయరు నీ పళ్ళ అచ్చును మన వీధిలో వలలు బాగుచేసేవాళ్ళ అచ్చుల్లో కలిపేసి, "వీటిలో ముద్దాయిదేది?" అని అడిగాడు. నిపుణుడు భూతద్దంతో చాలాసేపు చూసి ఒకటి తీశాడు. "ఇదే. అనుమానం లేదు," అన్నాడు.

అది నాది. హత్య రోజు నేను నడిసముద్రంలో బోటు మీద ఉన్నాను.

ఆ గాటు సాక్ష్యం చెల్లదన్నారు జడ్జిగారు.

బయటకొచ్చాక అక్క నా గడ్డం పట్టుకుంది. "నోరు తెరు, సూద్దాం. మీ బావ పళ్ళు నీకెలాగొచ్చేసాయిరా?"

నా ముందుపంటికీ నీకున్న నొక్కే. వల దారం పంటితో తెంపడం నాకు నేర్పింది నువ్వే కదా, బావా.