మీ తమ్ముడి భోజనం

వదినగారికి,

మీ తమ్ముడు ఏమైనా తింటున్నాడా అని అడిగారు. నిన్న సాయంత్రం ఆయన పట్టుబట్టి నన్ను మా వీధి మలుపులోని చిన్న రెస్టారెంట్‌కి తీసుకెళ్ళారు. అక్కడ మధ్యధరా వంటలు చేస్తారు. పెళ్ళయిన కొత్తలో వారం వారం వెళ్ళేవాళ్ళం. ఓనరమ్మ మమ్మల్ని చూసి సంబరపడిపోయి, అడక్కుండానే వేడి రొట్టె, శనగల హమ్మస్, నిమ్మకాయ పిండిన చేప తెచ్చిపెట్టింది.

గొంతు ఆపరేషన్ తర్వాత ఆయనకి మంచినీళ్ళు కూడా దిగడం లేదు, అంతా గొట్టంలోనే. ఆ సంగతి ఆవిడకి తెలీదు. ఆయన రొట్టె తుంచి, ఆలివ్ నూనెలో ముంచి, వాసన చూసి నా నోట్లో పెట్టారు.

"ఎలా ఉందో చెప్పు," అన్నారు గొంతు పెగుల్చుకుని.

"ఉప్పు సరిపోయింది. రొట్టె మెత్తగా ఉంది," అన్నాను.

అలా ముద్ద ముద్దకీ నాచేత చెప్పించుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. ఓనరమ్మ వచ్చి, "బాబు ఏమీ తినలేదే?" అంది.

"కడుపు నిండిపోయిందండీ," అని నవ్వారాయన.

ఇక మందులతో లాభం లేదని డాక్టరు మొన్న చెప్పేశారు. ఆ మాట ఆయనా విన్నారు.

పిల్లల పరీక్షలయ్యాక వస్తానన్నారు కదా, అంతవరకూ ఆగకండి వదినా. ఏమీ వండి తీసుకురాకండి. ఆయన మీ నోటికి ముద్ద అందిస్తే మాత్రం, ఏడవకుండా తినండి.

మీ మరదలు