తినకుండా నరికేదెవరు?

జూన్ 3
మామగారు పోతూ పోతూ దాచిపెట్టిన టమాటా విత్తనం ఇదే, ఇంకెక్కడా లేదు. తోడికోడలు అక్కా నేనూ చెరిసగం పంచుకుని నారు పోశాం. నావి నలభై, అక్కవి పదహారే మొలిచాయి. నావి ఈరోజు మడిలో నాటేశా. అక్క పైకి నవ్వింది గానీ లోపల మంటే, నాకు తెలుసు.

జూన్ 5
నాలుగు మొక్కలు కిందపడున్నాయి. మొదలుకంటా, బ్లేడుతో కోసినట్టు. ఆకు ఒక్కటీ కొరకలేదు.
పురుగుల సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. వంకాయ పురుగు కాయలో దూరి తింటుంది. క్యాబేజీ పురుగు ఆకుని జల్లెడ చేస్తుంది. పేనుబంక రసం పీలుస్తుంది. అన్నీ కడుపు కోసమే కదా! తినకుండా నరికి పడేసే పురుగు ఎక్కడైనా ఉందా? ఇది మనిషి పనే.

జూన్ 6
మా ఆయనతో చెప్పా. వదిన అలాంటిది కాదు, బుర్ర పాడుచేసుకోకు అన్నాడు. వదిన మీద ఈగ వాలనివ్వడుగా!

జూన్ 8
మళ్ళీ మూడు. ఏరి పారేసి, మిగిలినవి లెక్కపెడితే నలభై! ఏడు పోయాక నలభై ఎలా ఉంటాయి? నాటిన రోజే లెక్క తప్పుంటా.

జూన్ 10, ఉదయం 5:30
పట్టుకున్నా! అక్క నా మడిలో మోకాళ్ళ మీద కూర్చునుంది. చేతిలో చాకు, పక్కన రెండు మొక్కలు. నోటికొచ్చిందల్లా అనేశా. మామగారి విత్తనం మీద కూడా ఏడుపేనా అన్నా. లేచి లోపలికెళ్ళిపోయింది. ఆ మొక్కల్ని చూడను కూడా చూడకుండా గోడ వారకి గిరాటేశా.

జూన్ 11
మడి గేటుకి తాళం వేశా. వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. హాయిగా ఉంది.
ఏం హాయి, నా మొహం.

జూన్ 12, ఉదయం
తాళం వేసినట్టే ఉంది. ఐదు తెగాయి. ముప్ఫై మూడే మిగిలాయి.

జూన్ 12, సాయంత్రం
ఎరువుల షాపాయన్ని అడిగా. తినకుండా నరికే పురుగూ ఉందట, పగలంతా మొక్క మొదట్లో మట్టిలో దాక్కుంటుందట. చీకటిపడ్డాక పైకొచ్చి, మొదలు కొరికేసి ఇంకో మొక్క మీదికి పోతుందట. వేలితో తవ్వి చూడమన్నాడు.
తవ్వా. మట్టిరంగు పురుగు, సున్నాలా చుట్టుకుని పడుకునుంది. మొత్తం మూడు దొరికాయి. నలిపేశా.
తర్వాత గోడ వారకెళ్ళా. ఎండిపోయిన ఆ రెండు మొక్కలకీ వేర్లున్నాయి. అక్క నారుమడిలో తొమ్మిది గుంటలు, చాకుతో మట్టిగడ్డతో సహా తీసినవి. తెల్లారి నేను లేచేలోపే తెగినచోటల్లా తన మొక్క తెచ్చి నాటిపోయేది, నాతో ఒక్క మాటైనా అనకుండా. ఛీ, ఏం మనిషిని నేను.

జూన్ 13
తాళం తీసేశా. సారీ అక్కా అనబోతే కుళాయి పెద్దగా తిప్పేసింది.

జూన్ 14
నలభై.
అక్క నారుమడిలో ఒక్క మొక్క లేదు.